తెర వెనక అడ్డా

హైదరాబాద్‌లో ఏ కూలీల అడ్డా దగ్గరైనా తెల్లవారి ఆరింటికి కాసేపు నిలబడి చూడండి. తాపీలు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని జనం ఎదురుచూస్తుంటారు. బండి వచ్చి ఆగుతుంది. మేస్త్రీ రేటు చెబుతాడు. ఎక్కబోతున్న కొత్త కుర్రాడి చెయ్యి పట్టి ఆపి ఓ పెద్దాయన చెవిలో అంటాడు: "గాయనతోని పోకు బిడ్డా, పోయిన వారం మావోళ్ల కూలి ఎగ్గొట్టిండు." ఆ ఒక్క మాటతో కుర్రాడికి ఆ రోజు కష్టం దక్కుతుంది. నా దృష్టిలో సంఘం, జెండా, సమ్మె అన్నీ ఈ గుసగుస తర్వాత పుట్టినవే. అలాంటి గుసగుసకు చోటే లేని ఒక అడ్డాలోకి దాన్ని తీసుకొచ్చినవాళ్ల కథ ఇది.

2005లో అమెజాన్ సంస్థ 'మెకానికల్ టర్క్' అనే అంగడి తెరిచింది. ఆ పేరు వెనక పాత ముచ్చట ఒకటుంది. 1770లో వియన్నా రాజసభలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని ప్రదర్శించాడు. తలపాగా చుట్టుకున్న తురుష్కుడి ('టర్క్') బొమ్మ తనంతట తానే పావులు కదుపుతుంటే యూరప్ నోరెళ్లబెట్టింది. అసలు సంగతేమిటంటే, బొమ్మ ముందున్న పెట్టెలో ఒక మనిషి నక్కి కూర్చుని ఆడేవాడు. అమెజాన్ కొత్త అంగడిలోనూ అంతే. ఫోటోలో ఏముందో చెప్పడం, రసీదు చూసి అంకెలు ఎక్కించడం లాంటి చిన్న చిన్న పనులు కంప్యూటరే చేసినట్టు కనిపిస్తాయి. చేసేది మాత్రం ఎక్కడో ఇంట్లో కూర్చున్న మనుషులు. ఒక్కో పనికి కొన్ని సెంట్లు. రూపాయల్లో చెల్లించే ఏర్పాటు వచ్చాక మనవాళ్లూ పెద్ద సంఖ్యలో చేరారు. 2009 చివరి నాటి ఒక సర్వేలో పనివాళ్లలో మూడోవంతుకు పైగా భారతీయులే.

చిక్కంతా అక్కడి నిబంధనల్లో ఉంది. చేసిన పని 'బాగాలేదు' అని యజమాని కొట్టేయవచ్చు. అప్పట్లో కారణం కూడా చెప్పనక్కర్లేకపోయేది, డబ్బు ఇవ్వనక్కర్లేదు. పని మాత్రం అతని దగ్గరే ఉండిపోతుంది. పైగా తిరస్కరణలు పెరిగినకొద్దీ పనివాడి మార్కులు పడిపోయి, రేపటి పనులూ అందకుండా పోతాయి. ఇదంతా పక్కవాడికి చెబుదామంటే పక్కవాడెవరో తెలియదు. యజమానికి పనివాళ్ల లెక్క కనిపిస్తుంది. పనివాళ్లకు యజమాని గుణం కనిపించదు.

ఈ అన్యాయం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో పరిశోధన చేస్తున్న లిల్లీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మన్‌లను కుదురుగా ఉండనివ్వలేదు. కానీ కనిపించని మనుషులను పలకరించడం ఎలా? వాళ్లకు తట్టిన ఉపాయం ఎంత తేలికైనదో అంత చక్కనిది. అదే అంగడిలో తామూ ఒక పని పెట్టారు: 'ఇక్కడి శ్రామికులకు ఏయే హక్కులుండాలో రాయండి.' 67 మంది జవాబిచ్చారు.

హక్కుల పత్రం ఒకటి తయారవుతుందనుకుంటే అది కుదరలేదు. తలా ఒక మాట చెప్పారు. కనీస వేతనం కావాలని విడిగా అడిగినవాళ్లు ఏడుగురే. అయితే 35 మంది మాత్రం ఒకే గాయాన్ని చూపించారు: చేసిన పనిని అన్యాయంగా కొట్టేస్తున్నారు. మరో 26 మంది డబ్బు త్వరగా ఇవ్వాలన్నారు, ఎందుకంటే యజమాని నెల రోజుల దాకా తేల్చకుండా కూర్చోవచ్చు. కోరికలు వేరైనా కడుపుమంట ఒకటే. పత్రం రాయడం ఆపి వాళ్లు పనిముట్టు తయారీకి దిగింది ఇక్కడే.

అమెజాన్ గోడ మీద రాయడానికి ఎవరికీ వీల్లేదు. కానీ ఆ పేజీ తెరుచుకునేది ఎక్కడ? కూలీ ఇంట్లో, అతని సొంత కంప్యూటర్ తెర మీద. అక్కడ ఏం కనిపించాలో అతను నిర్ణయించుకోవచ్చు కదా! ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశారు. దాన్ని పెట్టుకుంటే పనుల జాబితాలో ప్రతి యజమాని పేరు పక్కన ఒక గుర్తు వెలుస్తుంది. దాని మీదికి మౌస్ తీసుకెళ్తే తోటివాళ్లు ఇచ్చిన మార్కులు విచ్చుకుంటాయి. అడిగితే జవాబిస్తాడా, కూలి సరిగా ఇస్తాడా, న్యాయంగా చూస్తాడా, త్వరగా చెల్లిస్తాడా? నాలుగు ప్రశ్నలు, వాటి కింద అనుభవాలు. అడ్డాలో పెద్దాయన చెవిలో చెప్పిన మాటే ఇది. పేరు 'టర్కాప్టికాన్'. ఖైదీలందరినీ ఒకే కాపలాదారు గమనించేలా ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ ఊహించిన జైలు పేరు పనాప్టికాన్. ఇక్కడ చూపు తిరగబడింది.

తయారుచేయడం ఒక ఎత్తు, నిలబెట్టడం మరో ఎత్తు. ఏళ్ల తరబడి దాన్ని మరమ్మతు చేస్తూ, తప్పుడు రాతలను ఏరివేస్తూ వచ్చారు. ఆ కాపలా పనికి శ్రామికులే స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. అమెజాన్ తానే ఇలాంటి రక్షణలు పెట్టి, తమ పనిముట్టు అక్కర్లేకుండా చేయాలని ఆ ఇద్దరూ ఆశపడ్డారు. అది జరగలేదు.

గుసగుస సరే, అందరూ కలిసి అడిగేదెలా? 2014లో స్టాన్‌ఫర్డ్‌లో నీలోఫర్ సాలెహి బృందం 'డైనమో' అనే వేదిక కట్టింది. శ్రామికులు పేరు చెప్పకుండానే ఆలోచన ముందుపెట్టి, ఓట్లు వేసుకుని, ఉద్యమం నడపవచ్చు. మొదట్లో చర్చలు కొన్ని తగాదాల్లో పడ్డాయి, కొన్ని ఊరికే చల్లారిపోయాయి. ఒకరు గడువు పెట్టి, మరొకరు సర్దిచెప్పి, ఇంకొకరు చిత్తుప్రతి రాస్తే తప్ప బండి కదలదని బృందం అనుభవం మీద తెలుసుకుంది. అలా నెట్టగా నెట్టగా, ఈ అంగడిలో సర్వేలు చేయించుకునే పరిశోధకులు పాటించాల్సిన నియమావళి తయారైంది. ఆ డిసెంబరులో అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్‌కు ఉత్తరాలు వెళ్లాయి. మేము మనుషులం, యంత్రాలం కాదు అన్నదే వాటి సారాంశం. తర్వాత, కొత్త సభ్యులు నిజంగా శ్రామికులేనా అని సరిచూసుకోవడానికి డైనమో వాడుతున్న ఖాతాను అమెజాన్ మూసేసింది. తలుపు మూతపడితే కొత్తవాళ్లు రాలేరు. వేదిక మెల్లగా ఆగిపోయింది.

సిల్బర్‌మన్ ఆ తర్వాత జర్మనీ వెళ్లి ఐజీ మెటాల్ అనే లోహ కార్మికుల మహాసంఘంలో ఆన్‌లైన్ శ్రామికుల కోసం పనిచేశారు. పరిశోధకులు మేరీ గ్రే, సిద్ధార్థ్ సూరి 2019లో తెచ్చిన 'ఘోస్ట్ వర్క్' పుస్తకం కోసం ఇలాంటి పనివాళ్లను వెతుక్కుంటూ మన హైదరాబాద్ దాకా వచ్చారు. ఒంటరివాళ్లని లోకం అనుకున్న ఆ పనివాళ్లు, ఏ పని మంచిదో ఒకరికొకరు చెప్పుకుంటూ, కష్టమైనచోట సాయపడుతూ ఉండటం వాళ్ల పరిశోధనలో బయటపడింది.

టర్కాప్టికాన్‌ను మాత్రం ఎవరూ మూయలేకపోయారు. ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఆ పనిముట్టు ఇప్పుడు శ్రామికులే ముందుండి నడుపుకునే సంస్థగా మారింది.