ప్రాణహిత దరిని మంచు గీతలు

వార్ధా వైన్‌గంగల కలయికచే ప్రాణహితయను పేరు దాల్చి దక్షిణాభిముఖముగా ప్రవహించు నది, కాళేశ్వరమున గోదావరిలో లీనమగుటకు ముందు, ఎడమ దరిని సిరోంచను ఒరసికొని పోవుచున్నది. నేడు గడ్చిరోలి జిల్లాకు దక్షిణాగ్రమైన ఈ యూరు 1860 నాటి సంధితో నిజాము చేతినుండి ఆంగ్లేయుల వశమై, 1874 వరకు ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమై యుండెను. ఏలుబడి నాగపురమునకు, పిదప బొంబాయికి మారినను ఇండ్లలోని మాట తెలుగుగనే నిలిచినది.

బీరారు పత్తిని పడవలపై సముద్రమునకు దింపవలెనని ఆర్థరు కాటను దొర తలపోయగా, దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి యను మూడు రాతి అడ్డంకులను దాటించు పనులు తలపెట్టబడినవి. ఇంతలో బొగ్గుతో నడచు రైలు 1867లో నాగపురము చేరెను. ఆ పోటీ నడుమ 1871లో నదిమీది పనులు ఆగిపోయెను.

ఆ బొగ్గు ఈ లోయ గర్భముననే కలదు. సిరోంచ చేరువనున్న కోట గ్రామపు రాళ్లలో చేపల శిలాజములు దొరకగా శాస్త్రజ్ఞుల దృష్టి ఇటు మరలినది. ఆవలి గట్టున పోచంపల్లి వద్ద లభించిన మహాకాయపు రాక్షసబల్లికి 1975లో రవీంద్రుని పేర బరపాసారస్ టాగోరియై యని నామకరణము జరిగెను. నాకు వీనికంటెను విస్మయకరముగా తోచునది 1872లో భూశాస్త్రజ్ఞుడు ఫెడ్డెను పరిశీలించిన శిల. ప్రాణహితకు నీరు తెచ్చు పెన్‌గంగ దరిని, ఇరాయి గ్రామము వద్ద, బొగ్గుపొరలకు అడుగుననుండు తాల్చేరు రాళ్లక్రింద, హిమము ఒరసి నునుపు చేసి గీతలు గీచిన బండ అది. వేసవిలో నిప్పులు చెరుగు చాందా (నేటి చంద్రపూరు) సీమలో మంచు పారెనా యని ఆనాటి పండితులు చిరకాలము వాదించిరి.

నేడు కొందరు ఇట్టి సాక్ష్యమునే చేతబట్టి, శీతోష్ణములు ఎన్నడును మారుచునే యున్నవి, మనుష్యుని దోషమేమని ప్రశ్నించుచున్నారు. మార్పు నిజమే, కాని ఆ హిమము కరగి, అడవులు మొలచి, కూలి, బొగ్గగుటకు కోట్ల కొలది ఏండ్లు పట్టగా, 1889లో ఇల్లెందున మొదలైన సింగరేణి త్రవ్వకములు మొదలు రామగుండపు విద్యుత్కేంద్రము వరకు మనము దానిని నాలుగైదు తరములలో కాల్చుచున్నాము. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కిన సుమారు 7 శాతము అధికముగా ఆవిరిని మోయగలదు. ఆ యావిరి వానగా దిగిననాడు నది దానినంతయు మోయవలసియుండును.

ఒక్క వరదను చూపి ఇది బొగ్గువలననే వచ్చినదనుట శాస్త్రము గాదు. 1986 ఆగస్టులో భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు లేచెను. 2022లో 71.3 అడుగులు, కాని అది జూలై నడుమనే, విత్తిన చేలు ఇంకను మొలకలుగా నున్నప్పుడే వచ్చెను. సిరోంచ తాలూకా పల్లెలు మునిగినవి. దిగువన గోదావరిపై 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ వెనుకనీటిచే తమ పొలములు పాడగుచున్నవని రైతులు మొరపెట్టుకొనిరి. ఆ మొర న్యాయమైనది. వాతావరణపు పేరు చెప్పి ఎవ్వరును దానిని త్రోసిపుచ్చరాదు.

వరదకు కారణమేదైనను, ఎగువన వైన్‌గంగపై గోసీఖుర్దు ఆనకట్ట గేట్లు ఎత్తిరను కబురు ఒక పూట ముందు అందెనా, పశువులను విప్పి, గింజలను బండికెత్తి, ముసలివారిని మెరకకు చేర్చవచ్చును. అర్ధరాత్రి అందెనా, చేతికి దొరకిన బిడ్డనెత్తుకొని పరుగిడుటయే.