భారత మహిళా ఐస్ హాకీ జట్టు ప్రస్థానం

భారత మహిళా ఐస్ హాకీ జట్టు 2016లో తైపీలో జరిగిన ఆసియా ఛాలెంజ్ కప్ పోటీలతో అంతర్జాతీయ రంగంలో ప్రవేశించింది. ఆ పోటీలలో జట్టుకు ఒక్క విజయమూ దక్కలేదు. క్రీడాకారిణులలో అత్యధికులు లడఖ్ ప్రాంతానికి చెందినవారు.

సాధనకు తగిన మైదానం లేకపోవడమే జట్టు ఎదుర్కొన్న ప్రధాన సమస్య. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున గల లేహ్ పరిసరాలలో చెరువులు గడ్డకట్టినపుడే వీరికి ఆట సాధ్యమయ్యేది. ఈ సహజ మంచు ఏటా రమారమి రెండు నెలలు మాత్రమే నిలుస్తుంది. ప్రత్యర్థులైన థాయ్‌లాండ్, సింగపూర్, మలేషియా జట్లకు కృత్రిమ మంచు మైదానాలు ఉన్నాయి. డెహ్రాడూన్‌లో 2011లో ప్రారంభమైన ఇటువంటి మైదానం నిర్వహణ వ్యయభారం వల్ల మూతపడి, 2025లో తిరిగి అందుబాటులోకి వచ్చింది.

నిధుల కొరత కారణంగా ప్రయాణ ఖర్చులకు ప్రజల నుంచి విరాళాలు సేకరించవలసి వచ్చింది. అయినప్పటికీ 2017లో బ్యాంకాక్ పోటీలలో ఫిలిప్పీన్స్‌పై 4-3 గోల్స్ తేడాతో జట్టు తొలి విజయం సాధించింది. అనంతరం మలేషియాను 5-4తో ఓడించింది.

నాలుగు ఒలింపిక్ స్వర్ణ పతకాలు గెలిచిన కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ 2018లో లడఖ్‌ను సందర్శించి శిక్షణనిచ్చారు. ఆమె ఆహ్వానంపై జట్టు అదే ఏడాది నవంబరులో కాల్గరీ వెళ్లింది.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో 2025లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో జట్టు కాంస్య పతకం కైవసం చేసుకున్నది. జట్టుకు ఇదే తొలి అంతర్జాతీయ పతకం. ఈ ప్రగతి నిలవాలంటే చలికాలంపై ఆధారపడని సాధన సౌకర్యం అత్యావశ్యకం.