నిలువు, బార, ఇంటి సంగతి

నా దగ్గర ఒక లాంగ్ సైజు నోట్‌బుక్ ఉన్నది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, సుతిలితోని కట్టి పెట్టిన. 1986ల హుజూరాబాద్‌కు కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్)గా వచ్చిన కాడినుంచి ఏటా జులైల బాస్కెట్‌బాల్ కోర్టుకొచ్చే పిల్లల కొలతలు అండ్ల రాసేటోణ్ణి. ఒక్కొక్కరికి నాలుగు గడులు: నిలువు, బార, దుంకుడు, ఇంటి సంగతి.

నాలుగో గడి నాకెవరూ నేర్పలేదు. మొదటి ఏడాదే వీణవంక దిక్కు ఊరినుంచి ఒక రైతు వచ్చి కోర్టు గీత అవతలనే చెప్పులిడిచి నిలబడ్డడు. “సారూ, గీ బంతాటతోని మావోనికి నౌకరి అయితదా?” అని అడిగిండు. పొలంల నాట్లేసే మనిషిని ఒకణ్ణి ఆట కోసం ఇంటినుంచి పంపుతున్నడు మరి, ఆ ప్రశ్న న్యాయమైందే. నా ముప్పై ఏండ్ల కొలువుల తల్లిదండ్రులు నన్నడిగిన ప్రశ్న అదొక్కటే.

అప్పట్ల మన దేశంల బాస్కెట్‌బాల్ ఆడి పైసలు సంపాదించే లీగు లేదు. రైల్వే, పోలీసు, బ్యాంకు, కరెంటు శాఖ, మా పక్కన సింగరేణి ఆటగాళ్ళను కొలువుల పెట్టుకునేవి. దానికి తొవ్వ ఒక కాయితం మీదికెళ్ళి పోతది. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాల దేశం తరఫున ఆడితే ఫారం–1, రాష్ట్రం తరఫున ఆడితే ఫారం–2, యూనివర్సిటీ తరఫున ఆడితే ఫారం–3, స్కూలు పిల్లలకు ఫారం–4. కాలేజీ పిలగానికి అందేది మూడోది. అంటే కాకతీయ యూనివర్సిటీ జట్టుల పన్నెండు మందిల ఒకడై సౌత్‌జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పోవాలె. వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ నాలుగు జిల్లాల కాలేజీలన్నిటికీ కలిపి ఆ పన్నెండు జాగలే. 2008ల కరీంనగర్‌కు శాతవాహన యూనివర్సిటీ వచ్చేదాక మాకు అదే దర్వాజ. పొద్దుగాల మొదటి బస్సెక్కి హన్మకొండల దిగి, సెలక్షన్ గ్రౌండుకు నడిచి పోయేది. పిలగాడు ఏడాదంతా ఆడిన ఆట అక్కడ అరగంటల తేలిపోయేది.

కొలతల సంగతి చెప్తా. గోడకు పక్కగా నిలబెట్టి, వేళ్ళకు సుద్దపొడి రాసి, చెయ్యి అందినంత ఎత్తున ఒక ముద్ర వేపిస్త. ఉన్న కాడినుంచే ఎగిరి మీద ఇంకో ముద్ర. రెండింటి నడుమ ఎడమే దుంకుడు. హార్వర్డ్‌ల వ్యాయామశాల నడిపిన డడ్లీ సార్జెంట్ 1921ల అచ్చేసిన పరీక్ష ఇది, ఇప్పటికీ సార్జెంట్ జంప్ అనే అంటరు. అమెరికా గోడ మీది సుద్ద గీత హుజూరాబాద్ గోడ మీదికి ఎట్లొచ్చిందంటే, దాని వెనుక ఒక వరుస ఉన్నది. 1891 డిసెంబర్‌ల మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌ల, వైఎంసీఏ శిక్షణ కాలేజీల, జేమ్స్ నైస్మిత్ అనే సారు చలికాలానికి లోపల ఆడే ఆట ఒకటి కావాలని రెండు పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీ కటకటాలకు కొట్టిచ్చిండు. ఆ బాల్కనీ పది ఫీట్ల ఎత్తుల ఉండె, అందుకే ఇయ్యాళటికీ రింగు పది ఫీట్లే. బాల్కనీ ఇంకో ఫీటు కిందికుంటే ఎవరు ఆటగాడు, ఎవరు కాదు అనే లెక్కే వేరయ్యేది. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌ల చదివిన హ్యారీ క్రో బక్ 1920ల మద్రాసుల వైఎంసీఏ వ్యాయామ విద్యా కాలేజీ పెట్టిండు. దక్షిణాది డ్రిల్లు సార్లకు అదే తల్లి బడి. హైదరాబాద్ దోమలగూడ కాలేజీల నాకు పాఠం చెప్పినోళ్ళ చేతిల ఉన్న సుద్దముక్క అక్కడిదే.

బార మాత్రం మనదే. చేతులు రెండు దిక్కులా చాపితే ఒక కొన నుంచి ఇంకో కొనకు బార. మా తాత మోట మోకును బారలతోనే కొలిచేది. మామూలు మనిషికి నిలువెంతో బార ఇంచుమించు అంతే. అమెరికా ఎన్‌బీఏ ఆటగాళ్ళకు సగటున బార నిలువు కన్నా నాలుగైదు అంగుళాలు ఎక్కువ. అక్కడ కాలేజీ పిలగాండ్లను డ్రాఫ్టుకు, అంటే జట్లు వంతుల లెక్కన కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే దానికి, ముందు కొలిచేటప్పుడు దీని మీద ఎంత కన్ను పెడతరో తర్వాత చదివి తెలుసుకున్న. బార పొడుగున్నోడు రెండు అంగుళాలు పొట్టిగున్నా గార్డ్ చెయ్యంగ పెద్దగ కనిపిస్తడు. నా నోట్‌బుక్‌ల ఐదున్నర ఫీట్ల గౌడు పిలగాడు ఒకడు ఉండె. ఇంట్ల అందరూ తాళ్ళెక్కేటోళ్ళు. బార నిలువును ఐదు అంగుళాలు దాటింది, వాని చేతిల పడ్డ బంతి గుంజుకుంటే ఊడేది కాదు.

ఇగ నా తప్పు చెప్పాలె. 1991 జులై పేజీల ఇద్దరున్నరు. ఒకడు ఆరు ఫీట్ల రెండంగుళాలు, దుంకుడు 22 అంగుళాలు. మా దిక్కు అంత పొడుగు పిలగాడు కనపడుడే అరుదు. పేరు పక్కన ఎర్ర పెన్నుతోని “యూనివర్సిటీ. ఇంకా మీదికి” అని రాసిన. రెండోడు ఐదు ఫీట్ల ఏడు. “పొట్టి. కాలేజీ దాక చాలు.” ఆ రెండు ముక్కలూ నా చేతిరాతే. ఆ పేజీ చింపుదామని రెండు మూడుసార్లు అనుకున్న గని చింపలే.

నా కన్ను 1982ల దోమలగూడల తయారైంది. రింగు దగ్గర ఎవడు పొడుగ్గుంటే వాడే ఆటగాడు అని అప్పటి లెక్క. అమెరికాల 1979లనే ఎన్‌బీఏ మూడు పాయింట్ల గీత పెట్టింది. 1984ల అంతర్జాతీయ నియమాలల్ల గూడ అది వచ్చింది, అప్పట్ల రింగుకు 6.25 మీటర్ల దూరం. మా కోర్టు మీద సున్నంతోని ఆ గీత గీసింది నేనే. గీసిన చేతికి దాని అర్థం తెలువలే. ఆ గీత వచ్చినంక దూరంకెళ్ళి వేసేటోనికి ధర పెరిగింది. పొట్టోడు రోజూ పొద్దుగాల ఆరింటికి వచ్చి గీత అవతల నిలబడి రెండు వందలు వేసేటోడు. నేను అది చూసి “బయటినుంచి వేస్తే ఏం లాభంరా, లోపలికి పో” అని కోప్పడ్డ.

పొడుగోని బాపు వచ్చి అదే నౌకరి మాట అడిగిండు. “అయితది” అన్న. ఆ ఒక్క మాట మీద ఆ ఇల్లు రెండేండ్లు పిలగాణ్ణి పొలానికి పిలువలే. రెండో ఏడాది సిమెంటు కోర్టు మీద రీబౌండ్‌కు ఎగిరి దిగంగ మోకాలు మెలివడ్డది. సెలక్షన్లకు పోలే. మూడేండ్లకు దుబాయి పోయిండు, మా జిల్లాల శానా మంది పోయినట్టే. పొట్టోడు యూనివర్సిటీ జట్టుకు ఆడిండు, ఫారం–3 తెచ్చుకున్నడు, రైల్వేల నౌకరి కొట్టిండు. మొదటి జీతంతోని నాకు ఒక విజిల్ కొనిచ్చిండు.

అమెరికాల గూడ ఇసొంటియి జరిగినయని చదివినంక కొంచెం మనసు నిమ్మళమైంది గని, నా తప్పు నాదే. 1984 డ్రాఫ్టుల రెండో ఎంపిక చేతిలుండంగ పోర్ట్‌లాండ్ ఏడు ఫీట్లు దాటిన శామ్ బౌవీని తీసుకున్నది. కాలేజీలనే కాలు ఎముక విరిగి రెండు సీజన్లు కూసున్న పిలగాడు ఆయన. మూడో వంతుల మైకేల్ జోర్డాన్ షికాగోకు పోయిండు. పోర్ట్‌లాండ్ కాడ అప్పటికే జోర్డాన్ లెక్కనే ఆడే క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉండె, వాళ్ళకు పొడుగోడు కావల్సుండె. అవసరాన్ని చూసిన్రు, ఆటను చూడలే. 2014ల నికోలా యోకిచ్‌ను 41వ వంతుల తీసుకున్నరు. దుంకుడు లెక్కల ఆయన పేరు ఎవరూ తీసుకోరు. తర్వాత మూడుసార్లు లీగుల అత్యుత్తమ ఆటగాడైండు.

మన దేశంకెళ్ళి ఆ డ్రాఫ్టుల ఎంపికైనోడు పంజాబ్ సత్నామ్ సింగ్. ఏడు ఫీట్ల రెండంగుళాలు. కాలేజీకి పోకుండ అమెరికా అకాడమీల పెరిగిండు. 2015ల 52వ వంతుల డల్లాస్ తీసుకున్నది, గని ఎన్‌బీఏ సీజన్‌ల ఒక్క ఆట గూడ ఆడలే. తర్వాత కుస్తీ రింగులకు పోయిండు. అదే 2015ల మన దేశంల యూబీఏ అని లీగు మొదలై హైదరాబాద్ స్కై అని జట్టు గూడ వచ్చింది. మా పిల్లలు ఎగిరి గంతేసిన్రు. 2017తోని అది గూడ ఆగింది. కబడ్డీకి 2014ల వచ్చిన ప్రొ లీగు నిలబడ్డది, తెలుగు టైటాన్స్ పేరు ఊరూరికీ తెలుసు. బాస్కెట్‌బాల్‌కు ఆ అదృష్టం పట్టలే. అందుకే ఇప్పటికీ మా దిక్కు బాపు అడిగేది నౌకరి గురించే.

నేను రిటైరై శానా ఏండ్లాయె. మొన్న జూన్‌ల ఒక కొత్త పీఈటీ అమ్మాయి ఇంటికొచ్చి నోట్‌బుక్ అడిగింది. ఇచ్చిన. మొన్నొకసారి ఫోన్ చేసి, “నాలుగో గడిల ఏం రాయాలె సార్?” అన్నది. పొలం ఎన్ని ఎకరాలు, అన్నదమ్ములెందరు, బస్సు ఎన్నింటికి, పొద్దుగాల ఏం తిని వస్తున్నడు, అవన్నీ రాయమని చెప్పిన.

హుజూరాబాద్, జమ్మికుంట, కమలాపూర్ దిక్కు పీడీ సార్లకు, పీఈటీలకు గూడ నాది అదే మనవి. బార కొలువుండ్రి. కొలిచిన తారీఖు వెయ్యుండ్రి. ఆర్నెల్లకు అదే గోడ కాడ మల్ల కొలువుండ్రి. పేరు పక్కన ఎర్ర పెన్నుతోని మాత్రం ఏం రాయకుండ్రి.