నరసాపురం లేసు అల్లిక

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం కేంద్రంగా వశిష్ఠ గోదావరికి ఇరువైపులా ఉన్న పల్లెల్లో, కొక్కెం సూదితో నూలు దారాన్ని అల్లి చేసే పనితనాన్ని నరసాపురం లేసు అంటారు. పాలకొల్లు, మొగల్తూరు, సీతారామపురం మొదలుకొని నది అవతల రాజోలు దాకా ఇది ఇంటి అరుగు మీది పని. చేసేది దాదాపు పూర్తిగా ఆడవాళ్లే. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ అల్లికకు ప్రపంచం వాడే పేరు క్రోషే. ఫ్రెంచిలో ఆ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. స్వెటర్ల అల్లికకు రెండు సూదులు కావాలి, దీనికి ఒక్కటి చాలు. పువ్వు అల్లేటప్పుడు మొదట ఆరో ఎనిమిదో గొలుసు కుట్లు వేసి, చివరి దాన్ని మొదటి దానికి కలిపితే మినపగారె చిల్లి లాంటి చుట్టు వస్తుంది. ఆ చుట్టులోంచి సూది దూర్చి నిలువు కుట్లు, మధ్యమధ్య ఖాళీ గొలుసులు వేసుకుంటూ పోతే రేకులు విచ్చుకుంటాయి. చేయి తిరిగిన మనిషి లెక్క పైకి అనదు. పక్కింటావిడతో కబుర్లాడుతూనే అల్లేస్తుంది, లెక్క వేళ్లే చూసుకుంటాయి.

గోదావరి డెల్టాకు ఈ సూది ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఇక్కడ పోయిన దారం గురించి చెప్పుకోవాలి. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి ఉండేది. అక్కడి నుంచి ఓడలెక్కిన నూలు బట్టకు ఆ ఊరి పేరే స్థిరపడి, యూరప్ దుకాణాల్లో మడపోలం అయింది. లాంకషైర్ మిల్లులు ఆ నేతను దెబ్బతీశాయి. తర్వాత మడపోలం పేరుతో ఇంగ్లండు మిల్లు బట్టే అమ్ముడైంది. ఊరు పోగొట్టుకున్న పనిని పేరు మాత్రం అంటిపెట్టుకుంది.

1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మత ప్రచారకులు ఈ ప్రాంతానికి వచ్చి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. అంతకు కొన్నేళ్ల ముందే నందన కరువు తెలుగు జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. డెల్టాకు నీళ్లిచ్చిన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలు కావడానికి 1847 దాకా ఆగాలి. ఈ రెంటి నడుమ, సాధారణంగా 1844 అని చెప్పే ఏడాదిలో, స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు లేసు నేర్పారంటారు. మొదట నేర్చుకున్నవారు మతం మారిన పేద కుటుంబాలవారు. తర్వాత పని కులాల గీతలు దాటింది. గడప దాటకపోవడమే పరువుగా భావించే కాపు ఇళ్లలో ఇది మరీ బాగా కుదురుకుంది. కూర్చున్నచోటే కూలి వస్తుంది, కూలికి వెళ్లిందన్న మాట రాదు.

సరిగ్గా అదే దశాబ్దంలో ఐర్లండులోనూ ఇదే కథ నడిచింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి అక్కడ జనం మలమల మాడిపోయారు. ఆకలి తీర్చే దారిగా కన్యాస్త్రీలు, చర్చి పెద్దల ఇల్లాళ్లు పల్లె ఆడపిల్లలకు క్రోషే నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్లో 1847లో కసాండ్రా హ్యాండ్ పెట్టించిన లేసు పని ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పలుకుతోంది. ఆ లెక్కన ఐరిష్ క్రోషే, నరసాపురం లేసు ఒకే ఈడువి.

ఐరిష్ క్రోషే వయసే ఇంత గనుక, కెల్టిక్ వారసత్వం, వైకింగుల వారసత్వం అంటూ అమ్మే జడ అల్లిక క్రోషే కండువాలను కాస్త అనుమానంగానే చూడాలి. వైకింగులకు క్రోషే తెలియదు. యార్క్ నగరం తవ్వకాల్లో బయటపడ్డ వాళ్ల ఉన్ని మేజోడు కన్నమున్న సూదితో ఉచ్చులు వేసుకుంటూ కుట్టినది. జడలకు పేరుపడ్డ ఐర్లండు అరాన్ దీవుల స్వెటర్లు ఇరవయ్యో శతాబ్దపువి. ఆ మెలికలను పురాతన కెల్టిక్ ముడులతో ముడిపెట్టి ప్రచారం చేసినవాడు హైన్జ్ కీవా అనే ఉన్ని వ్యాపారి. క్రోషేలో జడ వేయడం కష్టమేమీ కాదు. కింది వరస కుట్టు తలలోంచి కాకుండా దాని నడుం చుట్టూ సూది తిప్పితే కుట్టు ఉబ్బుతుంది. రెండు కుట్లు వదిలి, తర్వాతి రెండూ ముందు అల్లి, వెనక్కొచ్చి వదిలిన రెండూ వాటి మీదుగా అల్లితే మెలిక పడుతుంది. కానీ ఆ మెలిక కంటికి ఆనాలంటే లావు ఉన్ని కావాలి. నరసాపురం అందం సన్న నూలులో, కుట్టులో కంటే కుట్ల మధ్య ఖాళీలో ఉంది. ఉన్ని కండువా కప్పుకునేంత చలి ఈ డెల్టాలో ఎన్నడు పడింది గనుక!

లేసు వ్యాపారంగా మారాక దాని అమరిక పెద్దగా మారలేదు. వ్యాపారి దారం ఇస్తాడు, మధ్యవర్తి ఊరూరా పంచుతాడు, అల్లినది తిరిగి తెస్తాడు. అల్లే పనిలోనూ పంపకాలున్నాయి. పువ్వులు అల్లేది చేతి పని, వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసేది అతుకు పని, ఇవి కాక కాజాల కుట్టు. ఒకరి పువ్వు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుందో అల్లిన మనిషికి తెలిసే వీలు లేదు.

ఈ అమరికను బయటపెట్టింది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1970ల చివర్లో ఈ పల్లెల్లో తిరిగి ఆమె రాసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో వెలువడింది. రోజుకు ఆరేడు గంటలు సూది పట్టే స్త్రీని భర్త, వ్యాపారి, జనాభా లెక్కల గుమాస్తా ముగ్గురూ గృహిణి కిందే జమకట్టారని, తీరిక వేళల కాలక్షేపం అన్న ఆ మాటే కూలిని అట్టడుగున తొక్కిపెట్టిందని ఆమె వాదన. లేసు గురించి వచ్చిన రాతల్లో ఇంతకు మించినది లేదు. స్త్రీల శ్రమ గురించి చదివేవారికి ప్రపంచమంతటా నరసాపురం పేరు తెలిసింది ఈ పుస్తకం వల్లే, లేసు వల్ల కాదు.

తర్వాత చైనా సరుకు, యంత్రం లేసు పోటీకి వచ్చాయి. చిన్న వయసు ఆడపిల్లలు చదువులకూ ఇతర పనులకూ మళ్లారు. నరసాపురం దగ్గరి రుస్తుంబాదలో అలంకృతి లేసు పార్కు వెలిసింది. భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు చేసింది కూడా అలంకృతి సహకార సంఘమే. ఆ గుర్తింపుతో నరసాపురం పేరు పెట్టి ఇంకోచోటి సరుకు అమ్మడం నేరమైంది. మడపోలానికి అలాంటి చట్టం అప్పట్లో లేదు.