నల్లరేగడి సీమలో ఆంగ్ల వ్యాకరణాభ్యాసం

కోవిల్‌పట్టి, విరుదునగరం పరిసరాల నల్లరేగడి గ్రామాలలో తెలుగు కుటుంబాలు విజయనగర, మధుర నాయకరాజుల కాలం నుండి స్థిరపడి ఉన్నాయి. కోవిల్‌పట్టి చేరువలోని ఇడైచేవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. తమిళంలో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. ఇంట తెలుగు, వీధిలో తమిళం పలికే అట్టి పిల్లలకు బడిలో ఎదురయ్యే మూడవ భాష ఆంగ్లం.

మొదటి చిక్కు విభక్తుల వద్ద. తెలుగు, తమిళాలలో విభక్తి నామం వెనుక నిలుస్తుంది, ఆంగ్లంలో ముందు. స్థానం మార్చుట తేలికే, ఎంపికయే కఠినం. ‘విరుదునగరంలో నివసిస్తాడు’, ‘రైలు కోవిల్‌పట్టిలో ఆగింది’ అనే రెండింటా మనకు ‘లో’ ఒక్కటే. ఆంగ్లంలో మొదటిది ‘ఇన్’, రెండవది ‘యట్’.

క్రియాకాలాల చిక్కు ఇంకను లోతైనది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అనుటకు మనకు క్రియారూపం ఒక్కటే; ఆంగ్లానికి రెండు కావలెను. ‘వచ్చాను’ అన్నచో ‘ఐ కేమ్’ కావచ్చును, ‘ఐ హావ్ కమ్’ కావచ్చును. తమిళంలో ‘వందేన్’, ‘వందిరుక్కిఱేన్’ అనే భేదం నిత్యవ్యవహారంలోనే ఉన్నది. తెలుగింటి బిడ్డకు వీధిలో నేర్చిన తమిళం ఇచ్చట ఆంగ్లానికి మెట్టు అవుతుంది. భాషలు ఎక్కువైతే పిల్లలు తికమకపడుదురని వాపోయే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించదగును.

పూర్వం సూత్రాలు వల్లె వేయించి, అనువాదం చేయించుటయే బోధన. 1950ల చివర మద్రాసు రాష్ట్రంలో ప్రారంభదశ ఆంగ్లం బోధించే 27,000 మంది ఉపాధ్యాయులకు పునఃశిక్షణ ఇవ్వ సంకల్పించారు. శిక్షణ పొందినవారు ఇతరులకు నేర్పుచూ పోవుటచే దానికి ‘మద్రాసు స్నోబాల్’ అని పేరు వచ్చింది. ఒక్కొక్క వాక్యనిర్మాణాన్ని వస్తువులు చూపి పలుమార్లు పలికించుట అందలి పద్ధతి. ఈ సీమలో అందుకు అగ్గిపెట్టె ఒకటి చాలును: పుల్ల పెట్టె ‘ఇన్’, బొమ్మ పెట్టె ‘ఆన్’. అయితే కూర్చుండియే ‘నేను నిలబడుతున్నాను’ అని ఏకకంఠంతో పలికే తరగతికి నోరు తిరుగుతుంది గాని అర్థం పట్టుబడదు.

1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు బెంగుళూరు, మద్రాసు ప్రాంతాల బడులలో వేరొక ప్రయోగం చేశారు. వ్యాకరణ పాఠం లేదు. రైలు వేళల పట్టిక ఇచ్చి, ఏ బండి ఎప్పుడు చేరునో తేల్చమన్నారు. అర్థం కొరకు ఆలోచించుటలో భాష అలవడునని ఆయన అభిప్రాయం. రెండు పద్ధతులూ అవసరమే. కాని తప్పు ఎందుకు వచ్చినదో విద్యార్థికి తెలుపుటకు మాతృభాషను మించిన సాధనం లేదు.

1968లో రాష్ట్రం తమిళం, ఆంగ్లం అనే ద్విభాషా విధానం చేపట్టింది. 2006 నాటి చట్టం ఒకటవ తరగతి మొదలు క్రమంగా తమిళాన్ని నిర్బంధ పాఠ్యాంశం చేసింది. ఇంట తెలుగు పలుకుచూ లిపి ఎరుగని పిల్లలు ఈ సీమలో అనేకులు. వారికి ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ల భేదం నల్లబల్లపై తెలుగులో వ్రాసి చూపినా చదువలేరు; నోటితోనే చెప్పవలెను.