తెలుగు వికీపీడియాలో తొలి పాఠాలు: ఒక చరిత్ర

కొత్తవారికి వికీపీడియాలో రాయడం, దిద్దడం, తోటివారితో చర్చించి ఒక మాటకు రావడం నేర్పే పద్ధతులు తెలుగులో 2003 తరవాత కొద్దికొద్దిగా ఏర్పడ్డాయి. చదివేవారే దిద్దుకోగల వెబ్ పేజీని 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తయారుచేశాడు. ఆ పద్ధతిలోనే ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. తెలుగు వికీపీడియాకు వెన్న నాగార్జున 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టాడు. అయితే రాసేవారు వెంటనే రాలేదు. తెలుగులో టైపు చేయడం చాలామందికి తెలియకపోవడమే అందుకు పెద్ద కారణం.

తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా ఆనాటి చాలా కంప్యూటర్లలో సెట్టింగులు మార్చందే తెలుగు పేజీ సరిగా కనిపించేది కాదు. అక్షరాల చోట డబ్బాలు వచ్చేవి, లేదా ఒత్తులు విడిపోయి పక్కన నిలబడేవి. డీటీపీ సెంటర్లలో పనిచేసేవారికి తెలుగు చకచకా కొట్టడం వచ్చు. కానీ వారు వాడేది అను ఫాంట్లు. అందులో కొట్టినది తెచ్చి వికీలో అతికిస్తే అర్థంలేని గుర్తులే మిగిలేవి. చేయి తిరిగినవారు సైతం ఇక్కడ మళ్లీ మొదటి తరగతిలో కూర్చోవలసి వచ్చింది. పత్రికల సైట్లలోని అలాంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి నాగార్జునే ‘పద్మ’ అనే ఉపకరణం తయారుచేశాడు.

అసలు దారి ఆర్టీఎస్ వైపు నుంచి తెరుచుకుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తారు. ప్రవాసాంధ్రులకు ఇది ముందునుంచీ అలవాటే. 2006లో వీవెన్ రూపొందించిన ‘లేఖిని’ ఇదే తీరును బ్రౌజరులోకి తెచ్చింది. పైపెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కిందిపెట్టెలో తెలుగు కనిపిస్తుంది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ఆ రోజుల్లో సగం శిక్షణ ఈ చిన్నాపెద్దల తేడా వంటబట్టడమే. తరవాత టైపింగు సౌకర్యం వికీలోనే వచ్చింది. ఆపైన ఫోన్లలో తెలుగు కీబోర్డులు వచ్చాక టైపింగు అనే ఈ మొదటి పాఠం దాదాపు అవసరం లేకుండా పోయింది.

రెండో పాఠం దిద్దుబాటు. తప్పు చేస్తామన్న భయం లేకుండా రాసి చూసుకోవడానికి ‘ప్రయోగశాల’ పేజీ పెట్టారు. చిన్న వ్యాసాన్ని ‘మొలక’ అన్నారు. అందరూ కూడి మాట్లాడుకునే చోటుకు ‘రచ్చబండ’ అని పేరు పెట్టారు. కంప్యూటరుకు కొత్తవారికి ఈ పేర్లు చేసిన మేలు తక్కువేమీ కాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఊళ్లకు ఒక్కో పేజీ చొప్పున వ్యాసాలు సృష్టించడం మరింత మేలు చేసింది. చాలావాటిలో ఒకటి రెండు వాక్యాలే ఉన్నా, సొంత ఊరి పేజీ చూసి చేయి ఊరుకోదు కదా!

మూడోదే కష్టమైన పాఠం. తాను రాసినదాన్ని ఎవరో మార్చడం, తీసేయడం, ‘ఆధారం చూపండి’ అనడం కొత్తవారికి మింగుడుపడదు. పేజీ ‘చరిత్ర’లో ప్రతి మార్పూ చేసినవారి పేరుతో నిలిచి ఉంటుందనీ, పాత కూర్పును ఎప్పుడైనా వెనక్కు తేవచ్చనీ తెలిశాక కొంత నెమ్మదిస్తారు. అభిప్రాయభేదం వస్తే ‘చర్చ’ పేజీలో తేల్చుకోవాలి. ఈ చర్చ లేకపోతే ఏమవుతుందో 2009 తరవాత కొన్నేళ్లు కనబడింది. గూగుల్ సంస్థ డబ్బిచ్చి చేయించిన పొడవాటి అనువాద వ్యాసాలు చర్చ లేకుండానే తెలుగులోకి వచ్చిపడ్డాయి. వాటి భాష కృతకం. అనువాద ఉపకరణం వాడడం తెలిసినంత మాత్రాన కలిసి పనిచేయడం రాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ముఖాముఖి శిక్షణకు 2008లో ఏర్పడిన ఈ-తెలుగు సంఘం బాట వేసింది. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి కంప్యూటరులో తెలుగు చూపించేది. అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఒకప్పటి నివాసమైన గోల్డెన్ త్రెషోల్డ్‌లో వికీపీడియన్ల సమావేశాలు జరిగాయి. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు జరిపారు. ఆ నగరంలోని ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులూ వికీ పనిలో పాలుపంచుకున్నారు. ఒక్కరోజు వర్క్‌షాపులకు జనం బాగానే వస్తారు గానీ, తరవాత నిలిచేవారు తక్కువ. తొలి వారాల్లో వాడుకరి చర్చ పేజీలో ఓపిగ్గా జవాబిచ్చే అనుభవజ్ఞుడు దొరికినవారే ఎక్కువగా నిలుస్తారు.

తమిళనాడు తెలుగువారి సమస్య వేరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ సీమలో చాలా భాగం వేలూరుతో పాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. వేలూరు, గుడియాత్తం వైపు తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మాట వచ్చి లిపి రాని పిల్లలకు లేఖిని పాఠం కంటే ముందు ఓనమాలు కావాలి. వికీలోని ఊళ్ల ప్రాజెక్టు పరిధిలో ఈ ప్రాంతం లేదు కూడా. వైద్య కళాశాల ఉన్న బాగాయం గురించి గానీ, మగ్గాల ఊరు గుడియాత్తం గురించి గానీ తెలిసిన పాఠకులెవరైనా ఉంటే, ప్రయోగశాలలో నాలుగు వాక్యాలు రాసి చూడండి. ఆధారం జతచేయడం మాత్రం మరవకండి.