బాలయోగి మరణం: రాత కాదు, నిర్ణయం

మన నాయకుల పుట్టుక గురించి, పోరాటం గురించి ఎంతో కొంత రాసుకున్నాం. చావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "విధి" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నాం. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి మరణం అట్లా సరిపెట్టేసిన వాటిలో ఒకటి.

తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో పుట్టి, కాకినాడలో వకీలుగా పనిచేసిన బాలయోగి 1987లో జిల్లా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1998 మార్చి 24న స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొట్టమొదటి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రిగా ఉన్న ఆదివాసీ నాయకుడు గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా లేదా అన్నది ఆయన అంతరాత్మకే వదిలేశారు బాలయోగి. ఆ నిర్ణయాన్ని రాజకీయ పండితులు ఈనాటికీ తవ్వి తవ్వి పరీక్షిస్తున్నారు. మంచిదే. మరి ఆయన ప్రాణం తీసిన నిర్ణయాల్ని ఎవరు పరీక్షించారు?

2002 మార్చి 3, ఆదివారం. భీమవరం నుంచి హైదరాబాదుకు ఒక ప్రైవేటు బెల్ 206 హెలికాప్టర్‌లో బయల్దేరారు. ఉన్నది ముగ్గురు: ఆయన, అంగరక్షకుడు, పైలట్. కైకలూరు ప్రాంతంలో అది కూలి ముగ్గురూ పోయారు. చూపు సరిగా ఆనని వాతావరణంలో పైలట్ చేపల చెరువును గట్టి నేల అనుకుని దించబోయాడనీ, తప్పు తెలిసి పైకి లేపబోతే తోక రెక్క గట్టు మీది కొబ్బరిచెట్టుకు తగిలిందనీ ప్రాథమిక విచారణలో చెప్పారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. కైకలూరు కొల్లేటి పక్క ప్రాంతం. అక్కడ వరిచేలెన్నో చేపల చెరువులయ్యాయి. గట్లు కట్టిన చేనూ, గట్లు కట్టిన చెరువూ మసకలో పైనుంచి ఒకేలా కనపడతాయి. నిలకడ నీటి మీద ఎత్తు అంచనా కట్టడం ఆరితేరినవాళ్లకీ కష్టమే. ఇట్లాంటి చిన్న హెలికాప్టర్ నడిపేవాడికి నేల కనపడటమే ఆధారం. అది కనపడకపోతే చేతిలో ఉన్న దారులు మూడే: బయల్దేరకుండా ఆగటం, వెనక్కి తిరగటం, ఇంకా చూపు ఆనుతుండగానే ఏదో ఒక పొలంలో దిగిపోవటం. ముందుకు పోయే ప్రతి నిమిషం వీటిలో ఒక్కోదాన్ని లాగేసుకుంటుంది. కాబట్టి దించాలనుకోవటం తప్పు కాదు. నేలేదో నీళ్లేదో తెలియని దశకు చేరాక దించాల్సి రావటమే అసలు ప్రమాదం. వాతావరణం పరిస్థితిని తెచ్చిపెడుతుంది, అందులోకి పోవాలా వద్దా అనేది మాత్రం మనిషే తేల్చుకోవాలి.

ఇది చచ్చిపోయిన పైలట్ మీద మన్ను పొయ్యటానికి అంటున్న మాట కాదు. ఆ ఉద్యోగి "ఇవాళ పోలేం సార్" అని ధైర్యంగా అనగలిగే ఏర్పాటు ఉండాలి. పెద్దమనిషి ఎక్కితే ప్రయాణం ఆగకూడదన్న సంస్కృతి ఉన్నచోట ఆ మాట నోట రాదు. ఇందులో కులం ఎక్కడుంది అని కొందరు అడగొచ్చు. దుర్ఘటనలో లేదు, దాన్ని గుర్తుపెట్టుకున్న తీరులో ఉంది. మొదటి దళిత స్పీకర్ పోతే కారణాల మీద జరగాల్సిన చర్చ సంతాపంతోనే ముగిసింది.

ఏడేళ్ల తర్వాత, 2009 సెప్టెంబర్ 2న, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఎక్కిన బెల్ 430 నల్లమలలో కూలింది. అయిదుగురూ పోయారు. ఈసారి పైలట్లు ఇద్దరు. యంత్రంలో నూనె ఒత్తిడి గురించిన హెచ్చరిక వస్తే ఆరు నిమిషాలకు పైగా పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారనీ, ఎదుటి ఉరుముల మబ్బును పట్టించుకోలేదనీ, దారి మళ్లించలేదనీ ఆర్.కె. త్యాగి కమిటీ తేల్చింది. యంత్రం వేరు, చోటు వేరు, కానీ వెనక్కి తిరగాల్సిన వేళ తిరగకపోవటం రెండింటిలోనూ ఒకటే.

ఎదుర్లంక, యానాంల మధ్య గోదావరి వంతెనకు బాలయోగి పేరుంది. గచ్చిబౌలి స్టేడియానికీ ఉంది. పేర్లు పెట్టటం అవసరమే, కానీ అది కారణాలు అడగటానికి బదులు కాదు. దండ వేసి దణ్ణం పెట్టటం పాలకులకూ సులువే. మార్చి 3 వర్ధంతి సభల్లో మన విద్యార్థులు ఈ రెండు విచారణల్లో తేలిన సంగతులు పక్కపక్కన పెట్టి చదివి వినిపించాలి. ఆయనతోపాటు పోయిన అంగరక్షకుణ్ణీ ఆ సభలోనే తలుచుకోవాలి.